గడ్డ లేని చోట గీసిన గీతలు

పొద్దున జొన్నలు దంచుతూ కొంగు సర్దుకోబోతే మెడకు ఎడమపక్క గట్టిగా ఏదో వేలికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. మాది పత్తికొండ దగ్గర పల్లె. నా మొగుడు పాము కరిచి పోయిన మరుసటి ఏడు ఇది. నాకు రాయను రాదు. నేను చెబుతుంటే మా అన్న రాస్తున్నాడు.

రేగిపండంత ఉన్నది నిమ్మకాయంత అయింది. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి చెమటతో కోక తడిసిపోయేది. గండమాల అని ఊళ్లో వాత పెట్టారు. వాత మానింది గానీ గడ్డ మానలేదు. అన్న నన్ను కర్నూలు తీసుకుపోయాడు. అక్కడ బయాప్సీ అని చిన్న ముక్క కోసి తీశారు. హాడ్జ్‌కిన్స్ అని, గడ్డల్లో పుట్టే క్యాన్సరని డాక్టరు అన్నకు చెప్పాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

మద్రాసులో మెడకు, గడ్డను కాల్చే డీప్ ఎక్స్‌రే పెట్టారు. గడ్డ మంచులా కరిగింది. నయమైందని ఇంటికొచ్చేశాను. ఏడాది తిరగకముందే చంకలో ఇంకొకటి లేచింది.

ఈసారి అన్న ఎవరినో అడిగి మద్రాసులోనే వేరే ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఒళ్లంతా తడిమి చూసింది. "ఈ జబ్బు ఒక గడ్డ నుంచి పక్క గడ్డకు పోతుందమ్మా. అందుకే వాపు లేని చోట కూడా ఎక్స్‌రే పెడతాను," అంది. అట్లా పెట్టడం ఆ ఆసుపత్రిలో ఆమే మొదలుపెట్టిందని వార్డులో చెప్పుకునేవారు. తోటి డాక్టర్లకు అది నచ్చలేదు. నా మంచం పక్కనే నిలబడి ఒకాయన, బాగున్న ఒళ్లు కాల్చడం ఎందుకన్నాడు. బాగుందని మీకెట్లా తెలుసని ఆమె అడిగింది.

"బతుకుతాదా తల్లీ?" అని అన్న అడిగాడు.

"ఇట్లా చేసినవాళ్లు నా దగ్గర ఇంకా కొందరే. వాళ్లను ఎక్కువ కాలం చూడలేదు. చేయకపోతే ఏమవుతుందో మాత్రం చూశాను."

చంకకు, మెడకు పెట్టడం అయింది. గొంతు పుండైంది, గంజి కూడా దిగేది కాదు. నా గొంతు ఇప్పటికీ ఇట్లా గీరుకుపోయినట్టు ఉండేది అందుకే. ఆ తర్వాత ఆమె రొమ్ము మీద, ఏ గడ్డా లేని చోట, ఊదారంగు సిరాతో గీతలు గీసింది. కొలిచి కొలిచి గీసేసరికి పొద్దంతా పట్టింది. ఇంతలో రక్తపరీక్ష వచ్చింది. తెల్లకణాలు పడిపోయాయి, వారం ఆగాలన్నారు. ఆ వారంలోనే నా మొగునికి ఏటేటా పెట్టే సంవత్సరీకం ఉంది. పోయి వస్తానంటే, "పో. గీతలకు నీళ్లు తగలనీయొద్దు. అవి చెరిగితే ఎక్స్‌రే ఎక్కడ పెట్టాలో మళ్లీ మొదటికొస్తుంది. అంత టైము మనకు లేదు," అంది.

నేను పోయేసరికి అత్తింట్లో రాగి అండాలో నీళ్లు కాగుతున్నాయి. సంవత్సరీకం నాడు మొగునికి పెట్టే వంట పెళ్లామే తలంటి పోసుకుని చేయాలి. మా పక్క అదే పద్ధతి. చూడ్డానికొచ్చిన ఆడోళ్లలో ఒకామె నా మెడ కింద కనబడుతున్న సిరా చూసి, మొగుడు పోయినంక దీనికి రంగులొచ్చినాయే అంది. ఇద్దరు నవ్వారు. నాకు కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకు ఏదీ వచ్చేది కాదు.

మా అత్త చెంబు ముంచి పట్టుకుని నిలబడింది.

"ఏమ్మే సుంకమ్మా, తలకు పోసుకోకుండా పొయ్యికాడికి యట్ల వస్తావు?"

"వద్దన్నారత్తా."

"నా కొడుక్కు పెట్టేదానికంటే ఎక్కువనా ఆ సిరా?"

"గీతలు పోతే నేనూ పోతానత్తా. వచ్చే ఏడు నువ్వు ఇద్దరికి పెట్టాల్సొస్తాది."

చెంబులో నీళ్లు ఆమె కాళ్ల మీద ఒలికాయి. అప్పటికే తలంటుకున్న మనిషి, మిగిలిన నీళ్లు మళ్లీ తన తల మీదే పోసుకుంది. "ఆ తట్టు కూచో. కట్టెలు ముట్టుకోవాకు," అని లోపలికి పోయి తనే వండింది. వడ్డించేటప్పుడు మరిది ఏదో అనబోతే, కన్నది నేను, పెట్టేది నేను అంది. నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

మద్రాసు పోయాక డాక్టరమ్మ గీతలు చూసింది. చెమటకు అంచులు కొంచెం పాకాయి గానీ చెరగలేదు. మెషిన్ గదిలోకి పిలిచింది.

ఇప్పుడు జ్వరం లేదు. రెండు పూటలా సంగటి తింటున్నాను, చేనికి పోతున్నాను. ఏడాదికోసారి ఆమె దగ్గరికి పోతాను. నయమైందా అని అన్న అడుగుతాడు. "నయమైందని నేను చెప్పను. తిరిగి రాలేదని చెప్తాను," అంటుంది. నాకు అది చాలు.

ఈ జబ్బుతో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. గడ్డ కరిగిందని మధ్యలో ఆపి ఇంటికి రావద్దండి. గీతలు గీసి ఉంటే, అవి ఇక అక్కర్లేదని డాక్టరు నోటితో చెప్పేదాకా ఒంటి మీద నీళ్లు పోసుకోవద్దండి. తడిగుడ్డతో పక్కలు తుడుచుకోండి. ఇంట్లో ఏ కార్యమున్నా సరే. అడిగితే పెద్దవాళ్లు ఒప్పుకోరని ముందే అనుకోవద్దండి. అడగండి.