మంచి నెత్తురు

జహీరాబాద్ బస్టాండులో పక్కన కూర్చున్నాయన జామకాయ కోసి సగం నా చేతిలో పెట్టాడు. అవతల ఆయన భార్య, మెడ నిలవని రెండేళ్ల పాపను భుజాన వేసుకుని ఉంది. పుట్టుకతో వచ్చిన నరాల జబ్బట. మంచి జన్యువును సూదితో ఎక్కించే వైద్యముందని, ముందు తల్లిదండ్రులిద్దరి రక్తమూ చూడాలని డాక్టర్లన్నారట.

"నేనియ్యలే సార్. మాది మంచి నెత్తురు. దోషం దీనిదే," అన్నాడు, ఆమె వింటుండగానే. "గిప్పుడు ఆలస్యమైందంటున్రు. ఫికర్ లేదు, మా మేనమామ బిడ్డను చేసుకుంట. మా నెత్తురే గద."

ఆమె పాప తల జారకుండా అరచేయి అడ్డం పెట్టింది.

అప్పట్నుంచీ నేను జామకాయ ముట్టను. ఆ రోజు మాత్రం, ఆయన చాపిన ఉప్పూకారంలో అద్దుకుని మొత్తం తిన్నాను.