పెద్ద ఇంజను వద్దన్న మావయ్య

మావయ్య ఇక లేడన్న కబురు నాకు స్కూల్లో తెలిసింది. పిల్లలకి పాఠం చెబుతుంటే ఆయా వచ్చి, మీ అమ్మగారు ఆఫీసుకి ఫోన్ చేశారు, అర్జెంటట, అని చెప్పింది. ఫోన్‌లో అమ్మ ఏడవడం లేదు. వేమూరు దాటాక తమ్ముడు బండి మీంచి పడ్డాడని, వెనకాల వ్యాను వచ్చిందని, తెనాలి తెచ్చేలోపే ప్రాణం పోయిందని కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు ఆ మామూలు గొంతుకే ఎక్కువ భయమేసింది. నేనింకా నోరు తెరవకముందే ఇంకో మాట అంది.

"మీ బావ ఎక్కడున్నాడో చూడు. వాణ్ణి బండెక్కనివ్వకు."

సొంత తమ్ముడు పోయిన పూట ఆవిడ మేనల్లుడి గురించి ఎందుకు అంత కంగారుపడిందో మీకు తెలియాలంటే, మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తున్న ఒక తగువు గురించి చెప్పాలి. క్రూజర్ బండికి పెద్ద ఇంజను కావాలా, అక్కర్లేదా అన్నదే ఆ తగువు. మావయ్య అక్కర్లేదనేవాడు, ఆయన కొడుకు, అంటే మా బావ, కావాలనేవాడు. నవ్వొస్తోందా? మాకూ వచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

మావయ్య బాపట్లలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఇల్లు తెనాలిలో, మా వీధిలోనే. కాలేజీకి రైల్లో వెళ్ళొచ్చేవాడు గానీ, వేమూరు అవతలున్న పొలానికి, బుద్ధి పుడితే అక్కణ్ణించి రేపల్లె దాకా, బండి మీదే తిరిగేవాడు. అది చిన్న ఇంజను క్రూజరు. సీటు కిందికి, హ్యాండిలు పైకి ఉండి, కాళ్ళు ముందుకు చాపుకుని నడిపే రకం. అత్తయ్య దాన్ని పడక్కుర్చీ అనేది. ఆయన నడిపే తీరుకి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. వెనక కూర్చుంటే కాలవగట్టు మీద ఏ ఇంట్లో ఏం కూర వండుతున్నారో వాసన పట్టి చెప్పొచ్చు. పొద్దున్నే పాత పంచె ముక్కతో ట్యాంకు తుడిచి, స్టార్ట్ చేసి, కళ్ళు మూసుకుని కాసేపు చప్పుడు వినేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి అడ్డంపెట్టి ఆగమనేవాడు. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా ఆయనకంత శ్రద్ధ ఉండేది కాదని అత్తయ్య దెప్పేది.

నాకు స్కూటరు నేర్పింది ఆయనే. మా నాన్న వద్దంటే వద్దన్న రోజుల్లో, సాయంత్రాలు మార్కెట్ యార్డు వెనకాల ఖాళీ స్థలంలో నన్ను గుండ్రంగా తిప్పించేవాడు. నేను రోజూ ఉద్యోగానికి నా బండి మీద వెళ్ళొస్తున్నానంటే ఆయన చలవే. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక ఇదంతా మీకు చెప్పుకుంటున్నాను.

ఇక మా బావ. తెనాలిలో సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు. పెళ్ళి మాటెత్తితే చూద్దాంలే అంటాడు. బండి మాటెత్తితే మాత్రం అన్నం చల్లారిపోయినా లేవడు. ఆయన మాటలన్నీ కొట్టిపారేసేవి కావు. చిన్న ఇంజను క్రూజరంటే వేషానికే క్రూజరు, ఇద్దరెక్కితే వంతెన ఎక్కేటప్పటికి గేర్లు దించుకుంటూ రొప్పుతుంది, అనేవాడు. ధాన్యం లారీని దాటబోతే సగంలో ఇంక నా వల్ల కాదంటుంది, అప్పుడు ఎదురుగా బస్సు వస్తే ఎక్కడికి పోవాలి, అని తండ్రిని నిలదీసేవాడు.

మావయ్య దగ్గర సమాధానాలు సిద్ధంగా ఉండేవి. లారీని దాటమని నీకెవరు చెప్పారు, దాని వెనకాల పోతే ఎండ కూడా తగలదు కదా, అనేవాడు. క్రూజరంటే కూర్చునే తీరు, ఇంజను కాదు, నడుం నిటారుగా ఉండాలి, కళ్ళు రోడ్డు మీద ఉండాలి, మనసు ఇంటి మీద ఉండాలి, అనేవాడు. ఆయన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఇది: "ఈ డెల్టాలో కొండ ఎక్కడుందో చూపించరా, రేపే పెద్ద ఇంజను కొంటాను."

ఒకనాటి మధ్యాహ్నం బావ స్నేహితుడి బండి ఒకటి తెచ్చి గుమ్మం ముందు ఆపాడు. కిటికీ అద్దాలు అదిరాయి. ఒకసారి నడిపి చూడు నాన్నా, తరవాత మాట్లాడదాం, అన్నాడు. మావయ్య పంచె మార్చుకుని, ప్యాంటు వేసుకుని మరీ వచ్చాడు. బండెక్కి వీధి చివరికి వెళ్ళి, అక్కణ్ణించి బైపాసు వైపు వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చాక బండి దిగి, దాని పక్కనే నిలబడిపోయాడు.

"బాగుందిరా. చాలా బాగుంది. అందుకే భయంగా ఉంది," అన్నాడు.

ఆ తరవాత నిదానంగా వివరించాడు. పెద్ద హైవే మీద పొద్దస్తమానం పోయేవాడికి ఇది అవసరమేనని, ఇంజను అలవకుండా, చేతులు తిమ్మిరెక్కకుండా పోవచ్చని, ఆ మాటలో కొడుకుదే నిజమని ఒప్పుకున్నాడు. పెద్ద ఇంజను నిజానికి పరుగు కోసం కాదు, నిదానంగా పోవడం కోసమే తయారుచేశారు, కానీ దాన్ని కొన్నవాడి చెయ్యి ఊరుకోదు, అన్నాడు. ఇవాళ బైపాసులో నాదే ఊరుకోలేదు, ఈ వయసులో, అని తల దించుకున్నాడు. బావ గెలిచినట్టు నవ్వాడు. మావయ్య మొహంలో నవ్వు లేదు. లోపలికి వెళ్ళి అత్తయ్యతో, వీడు ఎలాగైనా కొంటాడు, నేనుండగా కొంటే బాగుణ్ణు, అన్నాడు. ఆ మాట నాకెందుకో నచ్చలేదు.

ఇప్పుడు రోడ్డు సంగతి చెప్పాలి. మా వైపు వరి కోశాక మినుము చల్లుతారు. అది కోతకొచ్చే రోజుల్లో వేమూరు నుంచి రేపల్లె దాకా రోడ్డుకి సగం మేర మినుప కట్టె, అంటే కాయలతో సహా కోసిన మొక్కలు, పరిచి ఉంటుంది. కళ్ళం చేసుకోవడానికి చోటు లేక, కూలీ ఇవ్వలేక, తారు రోడ్డునే కళ్ళం చేసుకుంటారు. వచ్చేపోయే బళ్ళ చక్రాలు నలగ్గొడితే కాయలు పగిలి గింజలు రాలతాయి. సాయంత్రానికి చెత్త ఊడ్చి, తూర్పారబట్టి, బస్తాలకెత్తుకుంటారు. బస్సు డ్రైవర్లు తిడుతూనే దాని మీద నుంచి పోనిస్తారు. అది తప్పని అందరికీ తెలుసు. ఎవరూ మానరు. పొలం ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు మీద పరిచినవాళ్ళే, మేమూ పరిచాం.

మావయ్య మాత్రం తిట్టేవాడు కాదు. కావాలనే దాని మీద నుంచి పోనిచ్చేవాడు. నన్నూ అలాగే పొమ్మనేవాడు. బ్రేకు ముట్టుకోకు, హ్యాండిలు తిప్పకు, యాక్సిలరేటరు ఎంతుందో అంతే ఉంచు, అది దాటేదాకా ఊపిరి బిగబట్టు, అని నేర్పాడు. పక్కన చీపురు పట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు కనిపిస్తే, తన పడక్కుర్చీని వెనక్కి తిప్పి ఇంకోసారి వచ్చేవాడు. ఇంత తేలిక బండి తొక్కితే ఏం రాలుతుంది మావయ్యా, అని నేను ఆటపట్టిస్తే, గింజ రాలకపోతేనేం, వాళ్ళ మనసు నిండుతుంది కదే, అని నవ్వేవాడు. ఒక్కోసారి వాళ్ళు పెట్టిన మజ్జిగ తాగి, ఎండ చల్లబడ్డాక గానీ ఇంటికొచ్చేవాడు కాదు.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక ఒక రైతు వచ్చి వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. విస్తరి వేస్తామన్నా వద్దన్నాడు. ఎవరని అడిగితే బావ వైపు చూసి చెప్పాడు.

"ఆ మినుము మాదేనండి. మాస్టారు ఒకసారి తొక్కించి వెళ్ళిపోతుంటే, నేనే చెయ్యూపానండి, ఇంకోసారి రమ్మని. తిరిగొచ్చారండి. కట్టె మీదే మలుపు తిప్పారండి. ముందు చక్రం సబ్బు మీద కాలేసినట్టు పక్కకి పోయిందండి. ఎనకాల వ్యాను వాడు ఆపలేకపోయాడండి."

అత్తయ్య లోపలి గది తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆయనకి మంచినీళ్ళివ్వమని నాతో అంది. నేనిచ్చాను. ఆయన గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు. నాకు ఆయన మీద కోపం రాలేదు. మావయ్య మీద వచ్చింది. నాకు నేర్పిన మనిషి, హ్యాండిలు తిప్పకూడదని నూరిపోసిన మనిషి, ఎవరో చెయ్యూపారని అక్కడే తిప్పుతాడా? ఆ కోపం ఇంకా పోలేదు.

బావ మాత్రం ఆ మాటల్లో ఇంకేదో విన్నాడు. రైతు వెళ్ళిపోయాక నాతో అన్నాడు, చూశావా, బండిలో బరువు లేదు, అందుకే పోయింది, అదే బరువున్న బండైతే రోడ్డుని పట్టుకుని నిలబడేది, అని. తడి కళ్ళతో, తేటగా అన్నాడు. ఆయనలో అంత నమ్మకం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. బరువున్నదైనా జారుతుంది బావా, జారితే లేపడం ఇంకా కష్టం, అన్నాను. మావయ్య ఉంటే ఫిజిక్స్‌తో చెప్పేవాడు. నాకు చేతకాలేదు. బతికున్నన్నాళ్ళూ ఆ బండిని ఆపగలిగిన మనిషి, పోయి దాన్ని ఇంటికి రప్పించాడనిపించింది.

ఏడాది తిరక్కుండా కొత్త బండేంట్రా అని బంధువులు గొణిగారు. ముందే బుక్ చేశానన్నాడు. నల్లటి పెద్ద బండి ఇంటి ముందుకొచ్చింది. ఏటిమైల కాబట్టి కొబ్బరికాయ లేదు, చక్రాల కింద నిమ్మకాయల్లేవు. మా ఇంట్లో అలా వచ్చిన బండి అదొక్కటే. ముందు నాన్న పడ్డచోటికే తీసుకెళ్తాను, మినుము మీద ఇది జారదని మీరే చూద్దురుగాని, అని ఎక్కి కూర్చున్నాడు. ఆలస్యంగా వేసిన చేలు ఇంకా కోస్తూనే ఉన్నారు, రోడ్డు మీద ఇంకా పరుస్తూనే ఉన్నారు. వాణ్ణి బండెక్కనివ్వకన్న అమ్మ మాట గుర్తొచ్చి, నేను బండికి అడ్డంగా నుంచున్నాను. జరగమన్నాడు. జరగలేదు.

అప్పుడు అత్తయ్య లోపల్నుంచి వచ్చింది. కర్మ అయ్యాక ఆవిడ గుమ్మం దాటడం అదే మొదలు. కొడుకు భుజం పట్టుకుని, ఆయాసపడుతూ, వెనక సీటు మీదకి ఎక్కింది.

"నువ్వెందుకమ్మా? ఆ సీటు చిన్నది. పట్టుకోడానికి కూడా ఏం ఉండదు," అన్నాడు బావ.

"నిన్ను పట్టుకుంటాను. పద."

ఆయన బండి స్టార్ట్ చేశాడు. ఇద్దరూ బయల్దేరారు. మినుము దాకా వెళ్ళారట. ఆయన దాని మీదకి పోనివ్వలేదట. దూరంగా ఆపి, ఇద్దరూ దిగి, కాసేపు చూసి వచ్చేశారట.

అప్పట్నుంచీ ఆయన ఊరు దాటి ఎక్కడికి బయల్దేరినా అత్తయ్య వెనక ఎక్కుతోంది. పొలానికైనా, రేపల్లెకైనా, షాపు పని మీద బాపట్లకైనా. ఎందుకని ఆయన అడగడు, ఆవిడ చెప్పదు. అమ్మ వెనకుంటే ఆయన చెయ్యి యాక్సిలరేటరు గట్టిగా తిప్పదు. అంత పెద్ద ఇంజను ఆ వేగానికి నడవలేక గునుస్తూ, గురగురమంటూ పోతుంది. మావయ్య అడిగింది ఈ నిదానమే. అది ఇలా వస్తుందని ఆయన అనుకుని ఉండడు.

అందం పాడవుతుందని ఆ బండికి చీర గార్డు తీయించేశాడు బావ. పైట చెంగు దోపుకోమని బయల్దేరేముందు ప్రతిసారీ చెబుతాను. దోపుకుంటుంది. వీధి చివరికి వెళ్ళేసరికి అది జారి, వెనక చక్రం పక్కన ఊగుతూ ఉంటుంది. ఆవిడ రెండు చేతులూ కొడుకు నడుం చుట్టూ ఉంటాయి, సర్దుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. నేను గేటు దగ్గర నుంచి కేకేస్తాను. ఆ ఇంజను చప్పుడులో నా కేక ఇద్దరికీ వినబడదు.