సీటు కింద తీగ

జానెడు తీగ బరువెంత ఉంటుంది? చిటికెన వేలికి తగిలించుకుంటే తెలియను కూడా తెలియదు. నేను దాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఒక ఫ్యాక్టరీ కాలనీలో నేను మెకానిక్‌ని. పంపులు, మోటార్లు, గడ్డి కోసే బండి నా చేతి కిందివి. గడ్డి బండి అంటే చేత్తో తోసేది కాదు. చిన్న ట్రాక్టరులా మీద కూర్చుని నడిపేది, పొట్ట కింద కత్తి తిరుగుతుంది. గెస్ట్ హౌస్ ముందున్న మైదానం, దాని పక్కన వాగు వైపు దిగే వాలు, రెండూ దానితోనే కోయాలి. నడిపేది మంగక్క. అసలు పేరు అది కాదు, మనకి ఇక్కడికి మంగక్క అనుకోండి.

ఆమెది అడవిలోని కోయగూడెం. పని చూస్తే కడుపు నిండేది నాకు. బండి ఎక్కే ముందు మైదానమంతా కాలినడకన తిరిగేది. రాళ్ళు, కొబ్బరి చిప్పలు, పెళ్ళిళ్ళకి కట్టిన పందిరి తీగలు ఏరి గంపలో వేసేది. కత్తికి తగిలి రాయి ఎగిరితే ఎవరి కన్నో పోతుందని ఆమె భయం. ఎంత ఎండలోనైనా గమ్ బూట్లు తొడుక్కునేది. వాలు మీద ఎప్పుడూ అడ్డంగా పోలేదు, నిలువునా ఎక్కి నిలువునా దిగేది. మంచు ఆరకుండా బండి తీసేది కాదు. మా పనులు చూసే సారు వచ్చి తొందర పెడితే, "గడ్డి ఏడికి పోదు సారూ, ఆరనీయండి" అని గట్టు మీద కూర్చునేది. పక్కన ఎవరైనా ఎక్కుతామంటే తరిమేది. మేము నవ్వుకునేవాళ్ళం, బండికి కూడా ఆమె అంటే భయమని. నవ్వుకున్నా సరే, అంత శ్రద్ధగా పని చేసే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆ బండి సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. కత్తి తిరుగుతుండగా సీటు మీద మనిషి లేకపోతే ఇంజన్ ఆగిపోతుంది. నడిపే మనిషి కింద పడినా కత్తి మీదికి రాకూడదని పెట్టిన ఏర్పాటు. దాన్ని పనికిరాకుండా చేసింది నేను.

దసరాకి ఆయుధపూజ. బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. హారతి ఇచ్చేటప్పుడు మా పెద్ద తోటమాలికి ఒక ఆలోచన వచ్చింది. ఆయుధమంటే కత్తే కదా, కత్తి తిరుగుతుండగా హారతి ఇస్తే బాగుంటుందన్నాడు. పూజ కాకముందు బండి మీద ఎవరూ కూర్చోకూడదు. కూర్చోకుండా కత్తి తిరగదు. అందరూ నా వైపు చూశారు. ఏం చెప్పమంటారు, నా పనితనం చూపించుకునే సందు దొరికింది. జానెడు తీగ తెచ్చి సీటు స్విచ్‌కి అడ్డంగా కలిపాను. ఖాళీ సీటుతో కత్తి గిర్రున తిరిగింది. చప్పట్లు కొట్టారు. మంగక్క ఆ రోజు సెలవు, గూడెంలో ఉంది.

తీగ అప్పుడే తీసేయాల్సింది. కానీ పూజ చేసిన పనిముట్టు మీద ఆ రోజు చేయి వేయకూడదంటారు కదా. రేపు తీస్తానులే అనుకున్నాను. తెల్లారి భార్యాపిల్లలతో తిరుమలాయపాలెం, అత్తగారింటికి పోయాను.

మరిచిపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా మరిచిపోయానా? లేదు. బస్సులో గుర్తొచ్చింది. కాలనీలో ఎవరికైనా ఫోన్ చేస్తే సరిపోయేది. చేస్తే నా తప్పు బయటపడుతుంది. అయినా నడిపేది మంగక్క, ఆమె అంత జాగ్రత్త మనిషి, ఆమెకేమవుతుంది అనుకున్నాను. ఆమె జాగ్రత్త చూసుకుని నేను నిర్లక్ష్యం చేశాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా?

నేను తిరిగొచ్చిన పూటే, బండి దగ్గరికి ఇంకా పోకముందే జరిగింది. వాలు మీద గడ్డి చాటున పందికొక్కు బొరియ ఉంది. చక్రం అందులో దిగి బండి ఒరిగింది, ఆమె కింద పడింది. సీటు ఖాళీ అయింది, ఇంజన్ ఆగలేదు. కత్తి తిరుగుతూనే ఆమె పాదం మీదికి వచ్చింది. గమ్ బూటు ఉంది కాబట్టి పాదం మిగిలింది. రెండు వేళ్ళు పోయాయి.

అందరూ ఆమెను ఎత్తుకుని దవాఖానాకి పరుగెత్తారు. బండి దగ్గర నేనొక్కడినే మిగిలాను. తీగ పీకి జేబులో వేసుకున్నాను. పట్టపగలు, గడ్డి మీద ఆమె నెత్తురు ఇంకా ఆరలేదు.

సాయంత్రం చూడటానికి పోయాను. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకుంది. నన్ను చూడగానే అడిగింది:

"తమ్మీ, నేను పడంగనే ఆగాలె గదా. ఎందుకాగలే?"

"మిషన్ చూసిన అక్కా, మంచిగనే ఉన్నది. బండి ఒరుగుతుంటే ఆపుదామని, సీట్ల కూసోనే కాలు కింద పెట్టినవేమో. అందుకే ఆగలే."



"అట్ల చేసిన్నా? నాకైతే యాదికొస్తలేదు. నువ్వన్నవంటే అయ్యుంటది తమ్మీ."

వేళ్ళు తీసింది కత్తి. ఆమె చేతి మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసింది నేను. రెండోదే పెద్ద తప్పని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

కాలు మానాక ఆమెను ఊడ్చే పనికి మార్చారు. ఆడమనిషికి బండి ఎందుకిచ్చారని ఒకరిద్దరు అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను పక్కకు తప్పుకున్నాను. మంగక్క మాత్రం తప్పుకోలేదు. కుంటుకుంటూ సారు దగ్గరికి పోయి, ఒక్కసారి పడ్డంత మాత్రాన నడక మానేస్తామా అని అడిగి, బండి మళ్ళీ తీసుకుంది. మొదటి రోజు వాలు ఎక్కుతుంటే నేను చూడలేక షెడ్డులోకి పోయాను, ఆమె మాత్రం ఎప్పటిలాగే నిలువునా ఎక్కి నిలువునా దిగింది.

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమే నేర్పుతుంది. బూటు విప్పి పాదం చూపిస్తుంది. "బండి ఒరిగితే కాలు పెట్టి ఆపాలని చూడొద్దు. నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు" అంటుంది. పాఠం మంచిదే. దాని వల్ల ఎవరి కాలో దక్కి ఉండొచ్చు కూడా. అబద్ధం నుంచి మంచే పుట్టింది కదా అని కొన్నాళ్ళు సమాధానపడ్డాను. ఎవరిని మోసం చేద్దామని? ఆమె ప్రతిసారీ అందరి ముందూ తలవంచుకుని చెప్పే ఆ తప్పు ఆమెది కాదు, నాది.

ఇంకొకటి ఉంది. ఆ దెబ్బ తర్వాత రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు, చదునైన చోట బండి నిలిపి, బ్రేకు వేసి, కత్తి తిప్పి, సీటు మీద నుంచి కాస్త పైకి లేస్తుంది. ఇంజన్ ఆగుతుంది. అప్పుడు షెడ్డు వైపు తిరిగి, "ఆగింది తమ్మీ" అని నాకు వినపడేలా చెబుతుంది. ఎందుకు మొదలుపెట్టిందో నేను అడగలేదు. ఆమెకి తెలుసా? తెలిసి కూడా నా కోసం మోస్తోందా? తెలిస్తే నా మీద ఉమ్మేసేది కదా? ఆమె గుణం తలుచుకుంటే అదీ చెప్పలేను.

వచ్చే నెల ఆమె పని నుంచి దిగిపోతుంది. నా తప్పును తనదనుకుంటూనే గూడేనికి పోతుంది, నేను నోరు విప్పకపోతే. క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. ఆ రోజు దవాఖానాలో ఆమె అడిగిన దానికి మాత్రం జవాబు బాకీ ఉన్నాను. మీ ముందు అనేశాక గుండె కాస్త తెరిపినపడింది. రేపు పొద్దున ఆమె "ఆగింది తమ్మీ" అన్నప్పుడు, కొత్తవాళ్ళందరూ ఉండగానే అనాల్సిన మాట ఇది:

"ఆ పొద్దు ఆగలే అక్కా. ఆగకుంట చేసింది నేనే."