కార్డు మీద కొత్తగూడెం

మా చిన్నప్పుడు ఇంటికొచ్చే దారి కార్డు ముక్క మీద రాసి పంపేవాళ్ళం...

నాన్న బదిలీ మీద తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి అప్పటికి రెండు నెలలు. ఇల్లు కొత్తగూడలో. ఇప్పటి కొత్తగూడ కాదండోయ్... చుట్టూ బండరాళ్ళు, జొన్నచేలు, దూరంగా అప్పుడే లేస్తున్న గుండ్రటి గాజు మేడ. ఎప్పుడో ఒక సిటీ బస్సు, లేదంటే మనుషుల్ని కుక్కుకొచ్చే సెవెన్ సీటర్ ఆటో.

నానమ్మ మంచాన పడింది. డాక్టరు పెదవి విరిచేశాడు. ఆవిడ నోట ఒకటే మాట... "చెల్లిని చూడాలిరా."

నాన్న ఆవిడ పక్కనుంచి కదల్లేని పరిస్థితి. నా దస్తూరి బాగుంటుందని, తెనాలిలో ఉన్న చిన్న నానమ్మకి రాయమని నాకు కార్డిచ్చి చెప్పారు. "రాయమ్మా... గురువారం రాత్రి బయల్దేరు. బస్టాండులో దిగి కొత్తగూడ బస్సెక్కు. స్టాపు దగ్గర మా అమ్మాయి ఉంటుంది."

ఐదో తరగతి పండితురాలిని కదా! నాన్న తొందరలో మాట మింగేశారనుకున్నాను. మా వైపు గూడేలే గానీ గూడలెక్కడివి? పైగా మా సాంఘికశాస్త్రం పుస్తకంలో అచ్చులో ఉంది, కొత్తగూడెం అని. గుండ్రంగా అలాగే రాసి, ఎవరికీ చూపించకుండా డబ్బాలో వేసొచ్చాను.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి స్టాపులో నిలబడ్డాను. ఒక బస్సు... రెండు... ఐదు. ఎండ నెత్తికెక్కింది. సెవెన్ సీటర్ నడిపే యాదగిరన్న చూసి ఆటో ఆపాడు.

"ఏంది పాపా, పొద్దుగాల్లకెల్లి గీడనే ఉన్నవ్?"

"మా చిన్న నానమ్మ రావాలి. కొత్తగూడెం బస్సెక్కమని రాశాను."

"గూడెమా! అయ్యో బిడ్డా, గది ఖమ్మం దిక్కు ఊరు, బొగ్గు గనుల కాడ! జల్ది ఉరుకు, మీ నాయినకు చెప్పు!"

పరుగెత్తాను. ఇంట్లో నాన్న నానమ్మ అరికాళ్ళు రుద్దుతున్నారు. "చెల్లొచ్చిందా?" అంది నానమ్మ నన్ను చూసి.

"వస్తోంది నానమ్మా" అన్నాను...

దెబ్బలకి భయపడ్డానో, పరువు పోతుందనుకున్నానో, తప్పు రాశానని నాన్నకి చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే నాన్న పక్కింటి ఫోన్లో ఎవరినైనా పట్టుకునేవారేమో. ఈ 'ఏమో' నన్ను ఇన్నేళ్ళూ తినేసింది.

బస్సు హారను వినబడినప్పుడల్లా నానమ్మ తల తిప్పింది. దీపాలు పెట్టేవేళకి ఇంక తిప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం చిన్న నానమ్మ యాదగిరన్న ఆటోలోనే దిగింది. అప్పటికే అంతా అయిపోయింది. కడిగిన వాకిలి చూసి అక్కడే కూలబడిపోయింది.

"ఎలా తప్పిపోయావు పిన్నీ?" అని నాన్న భోరుమన్నారు.

"ఏదో బస్సెక్కేశాను నాయనా, చదువు రాని మొద్దుని. పొలాలొస్తున్నాయి... మీరు ఊరి చివర ఉంటారన్నావుగా, ఇదంతా హైదరాబాదే కాబోలనుకున్నా."

మూడో రోజు నన్ను పెరట్లోకి పిలిచింది. రొండిలోంచి ఆ కార్డు తీసి నా చేతిలో పెట్టింది. "ఇందులో గూడెం అనే ఉందని ఎవరో చదివి చెప్పారే తల్లీ. చించెయ్. పోయిన మా అక్క ఎలాగూ రాదు, నిన్ను తిట్టించడం దేనికి?"

ఆవిడ పోయేదాకా మా చుట్టాలు ఒకటే ఎకసెక్కాలు... "అక్కని చూడమంటే కొత్తగూడెం చూసొచ్చిన మనిషి" అని. ఆవిడ నవ్వి ఊరుకునేది. నేనూ ఊరుకునేదాన్ని. సిగ్గు లేకుండా...

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా ఫోన్లో లొకేషన్ పంపితే చాలు, క్యాబు గేటు ముందు ఆగుతుంది. ఆ జొన్నచేలూ లేవు, యాదగిరన్న ఆటో కూడా లేదు. దారి రాసిపెట్టమని అడిగేవాళ్ళే లేరు. కార్డు మాత్రం నా బీరువాలో ఉంది, చించలేకపోయాను.

మీరూ ఎవరికైనా ఇలా దారి రాసి పంపారా? వాళ్ళు వేళకి చేరారా? చెప్పండి...

నాన్న నేనిక్కడ రాసేవన్నీ చదువుతారు. చదవండి నాన్నా... చిన్న నానమ్మ తప్పు బస్సు ఎక్కలేదు. నేను రాసిన బస్సే ఎక్కింది.