లిఫ్టు కింద నిమ్మకాయ

విజయనగరంలో మా తిరుమలరావు బావ కొట్టు తెలియనివాళ్లుంటే, వాళ్లు ఇవాళే రైలు దిగినవాళ్లయి ఉండాలి. మూడంతస్తుల డిపార్ట్‌మెంటల్ స్టోరు. పులిపాలు అడిగినా "లీటరా, అరలీటరా?" అంటాడు. ఒకప్పుడు రామతీర్థం జాతరలో సైకిలుకి జడపిన్నులు, రిబ్బన్లు వేలాడదీసి అమ్మినవాడే. ఆ కేకలకి కొండమీది కోతులు దిగివచ్చి బేరమాడేవి. సైకిలు కొనమని సలహా ఇచ్చింది నేనే. ఎనిమిదో తరగతిలోనే బడిని వదిలిపెట్టిన నా బుర్ర అలాగే పనిచేస్తుంది మరి!

ఆయన చేసుకున్నది మా అక్క రాజకుమారిని. అక్కకి ఉబ్బసం. పై అంతస్తులో అమ్మే ప్రతి చీరా ఆవిడ ఎంచిందే, కానీ మెట్లెక్కితే ఊపిరందదు కాబట్టి ఆ అంతస్తు ఏనాడూ చూడలేదు. ఆవిడ కోసమే బావ లిఫ్టు పెట్టించాడు.

ప్రారంభం రోజున పూజయ్యింది. మెకానిక్కు టిఫినుకి వెళ్లాడు. అక్క లోపలికి వెళ్లి నిలబడింది. కొత్త స్కూటరు చక్రం కింద పెట్టినట్టే బావ తలుపు జారే గాడిలో నిమ్మకాయ పెట్టి, బయట నిలబడి "నొక్కు కుమారీ!" అన్నాడు.

మసక అద్దం తలుపు జారుతూ వచ్చింది. నిమ్మకాయ నలిగింది. తొక్క గాడిలో ఇరుక్కుని, వేలెడు సందు మిగిలి తలుపు బిగుసుకుపోయింది. కంగారులో బావ మెయిన్ స్విచ్చి కట్టేశాడు. లోపల దీపం, ఫ్యాను రెండూ ఆగిపోయాయి.

"ఏటండీ, సీకటైపోనాది!"

"బయపడకే, తీసేత్తాను!"

కొట్లో కుర్రాళ్లతో కలిసి నలుగురం పట్టి లాగాం. నా బలానికి భవనం కదిలిందేమో గాని తలుపు మాత్రం కదలలేదు. లోపల పిల్లికూత లాంటి ఊపిరి మొదలైంది. ఆవిడ పీల్చే మందు కౌంటరు మీదుంది. సందులోంచి అది పట్టదు. మెకానిక్కు ఫోనెత్తడం లేదు.

"తలుపు పగలగొట్టెయ్ బావా!" అన్నాను.

"అద్దం ముక్కలు దాని మీద పడవేట్రా, ఎదవా!" బావ నేలమీద బోర్లా పడుకుని సందులోకి చూశాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. "కుమారీ, ఇనబడతన్నాదా? జడలో పిన్నుందా?"

దగ్గు. తర్వాత, "ఉన్నాది."

"కొస వంచు. గాడిలోకెట్టి తొక్కని నీ దిక్కుకి లాగు. మెల్లగా."

లోపల గీకుడు. ఆగింది.

"కుమారీ!" బావ సందుకి చెవి ఆనించాడు.

"అరవకండి... వస్తన్నాది."

పసుపుపచ్చని తొక్క లోపలికి జారింది. మేం లాగాం. తలుపు తెరుచుకుంది. అక్క బావ భుజం మీద వాలి మందు పీల్చింది. ఊపిరి కుదుటపడేదాకా కొట్లో ఎవరూ కదల్లేదు.

అక్క కళ్లు తెరిచి బావని ఎగాదిగా చూసింది.

"నిమ్మకాయెట్టిన మారాజు మీరేనా?"

"తప్పైపోనాదే. పద, ఇంటికెల్దాం."

"ఎల్దాం గానీ, కరెంటెయ్యండి. నా సీరలు సూసి మరీ వస్తాను."

మెకానిక్కు వచ్చి గాడి శుభ్రం చేశాక అక్క మళ్లీ లిఫ్టెక్కింది, నిటారుగా. బావ ఎక్కలేదు. ఆవిడకంటే ముందు పైకి చేరాలని మెట్లమీద పరిగెత్తాడు. ఇప్పటికీ లిఫ్టు అక్కది, మెట్లు బావవి.