అత్తమ్మ ఉల్లిగడ్డల లెక్క

ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో తనిఖీ చేసే మనిషి నా జేబులు తడిమి ఆగిపోయాడు. కుడి జేబులోంచి ఒక ఉల్లిగడ్డ, ఎడమ జేబులోంచి ఇంకొకటి బయటికి తీశాను. చేతికంటిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే మా అత్తమ్మ యాదమ్మ పక్కన వచ్చి నిలబడినట్టయింది. పిల్లలతో పార్కుకు పోతున్నామని చెప్పాను. "ఎండదెబ్బకు ఒక్కటి సాలదా సార్?" అని నవ్వాడతను. ఒకటే నాదన్నాను. రెండోదాని సంగతి చెప్పేంత తీరిక వెనక నిలబడ్డవాళ్లు ఇవ్వలేదు.

అత్తమ్మ నాచారంలో ఒక దారం మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేసింది. లోపలికి పోయేటప్పుడు తలా ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవారట. సాయంత్రం గేటు దగ్గర బిళ్ల పడలేదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. మిల్లు మూతపడింది గానీ అలవాటు పోలేదు. ఎండాకాలం చుట్టాలమందరం ఎక్కడికి బయలుదేరినా బిళ్లల బదులు ఉల్లిగడ్డలు పంచేది. సరిగ్గా పదకొండింటికి గంటెతో పళ్లెం వాయించేది. ఎవరాట వాళ్లు ఆపి నీడకొచ్చి, ఎవరి గడ్డ వాళ్లు పళ్లెంలో వేయాలి. లెక్క కుదిరాకే గడ్డలు కోసి, జొన్నగట్క, చల్ల పోసేది. కుదరకపోతే పెద్దమనుషులకైనా పస్తే.

నా పెళ్లయిన మొదటి ఎండాకాలం ఇరవై ఒక్క మందిమి కీసరగుట్టకు పోయాం. ఆటోలు దిగగానే అత్తమ్మ బుట్టంతా వెతికి అన్నిటికన్నా పెద్ద గడ్డ నా చేతిలో పెట్టింది.

"కొత్తల్లుడు మీరు. మీకు సిన్నది ఇయ్యొద్దు."

నేనేమో బిగుతు జీన్సులో ఉన్నాను. ఆ మర్యాదను జేబులో కుక్కుకుంటే నడకే వంకర పోయింది. నలుగురిలో నామోషీ అనిపించి, బావమరిది శ్రీనును పక్కకు పిలిచాను. "నాది గూడ నువ్వే పళ్లెంల ఎయ్. రెండు ఫొటోలు దిగొస్త" అన్నాను.

రెండు ఫొటోలు నలభై అయ్యాయి. గుట్ట వెనక బండల మీదికి ఎక్కేశాను. నీళ్ల సీసా కింద సంచిలోనే ఉంది. పళ్లెం మోత విని లేవబోతే పిక్కలు పట్టేశాయి, కళ్లు బైర్లు కమ్మాయి. అరుద్దామంటే గొంతు పెగల్లేదు. ఫోనేమో నాకన్నా ముందే చచ్చిపోయింది. ఇక్కడే పోతానేమోనని నిజంగా భయపడ్డాను.

కింద లెక్క మాత్రం సరిగ్గా ఇరవై ఒకటి వచ్చింది. కాబట్టి ఎవరికీ ఫికర్ లేదు. అత్తమ్మ కోయడానికి పెద్ద గడ్డ చేతిలోకి తీసుకుని ఆగిందట.

"గిది అల్లుని గడ్డ. అల్లుడేడి?"

శ్రీను గుట్ట వెనక బండలవైపు చేయి చూపించాడు.

కాసేపటికి తడి తువ్వాలు, చల్ల చెంబు పట్టుకుని ఆమె బండలెక్కి వచ్చింది, వెనకాలే శ్రీను. నన్ను చూడగానే అన్న మొదటి మాట ఇది:

"ఉల్లిగడ్డ ఒచ్చింది గని నువ్వు రాలే!"

అంతవరకు నన్ను మీరు అన్న మనిషి. ఆ మర్యాద ఆ బండ మీదే ఆవిరైపోయింది, నేను మళ్లీ అడగనూ లేదు. ఇద్దరూ నన్ను నీడకు లాగి, మెడకు తడిగుడ్డ చుట్టి, ఉప్పు చల్ల గుటక గుటకగా తాగించి, ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారు. దారిలో కాస్త ప్రాణం లేచొచ్చాక నాకు తెలివి కూడా వచ్చింది.

"అత్తమ్మా, జేబుల గడ్డ ఉంటే నిజంగ ఎండదెబ్బ తగలదా?"

"గడ్డ ఎండనాపుతదా, పిచ్చోడా? మనిషిని నీడకు గుంజుకొస్తది, గంతే. నువ్వు దాన్నొక్కదాన్నే పంపినవు."

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడు పళ్లెం వాయించేది నేనే. గడ్డల తర్వాత ముఖాలు కూడా లెక్కపెడతాను. మెట్రోలో పోయిన ఆ రోజు పార్కులో చెట్టు కింద మేం పది మందిమి, పళ్లెంలో పదకొండు గడ్డలు. "లెక్క తప్పింది నాన్నా" అంది మా చిన్నది. తప్పలేదు. ఎడమ జేబులోది అన్నిటికన్నా పెద్దది. దాన్ని కోయబోయి ఆగాను. ఆమె నన్ను తిట్టిన తిట్టే ఆమెకు తిరిగి చెప్పాల్సి వచ్చింది.

"ఉల్లిగడ్డ ఒచ్చింది గని నువ్వు రాలే, అత్తమ్మా."