మాస్టారు కోరిన శిక్ష

మా చర్చి క్వయర్‌కు పాట నేర్పే మాస్టారు పోయిన నెల ప్రభువునందు నిద్రించారు. నేరేడ్‌మెట్‌లో భూస్థాపన అయ్యి ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోన్ మోగింది. మాస్టారు రెండేళ్ళుగా ఏ ఫంక్షన్ హాలు మీద ఫిర్యాదు నడుపుతున్నారో, ఆ హాలు మేనేజర్.

"సార్ పోయిండంట గద మేడమ్. మస్తు బాధయింది," అన్నాడు. నేను బదులు చెప్పేలోపే గొంతు తగ్గించి, "మరి ఆ కేసు ఇంక బంద్ అయితది గద?" అన్నాడు.

నన్ను ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చోబెట్టింది దుఃఖం కాదు, ఆ ప్రశ్న. మాస్టారి గురించి మంచి మాటలే రాయాలని ఉంది, రాస్తాను కూడా. కానీ కోపం పక్కన పెట్టి రాస్తే అది ఆయన గురించి రాసినట్టు అవదు.

ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. నాకు పన్నెండో ఏట పోయింది. మా అమ్మ నన్ను చర్చి వెనక గదిలో ఆయన హార్మోనియం ముందు కూర్చోబెట్టి ఏడుస్తుంటే, "ఆవిణ్ణి కాస్త బయట కూర్చోమనండి, శ్రుతి చెడుతోంది," అన్నారు. నాకు నవ్వొచ్చింది. చూపు పోయాక నేను నవ్వడం అదే మొదలు. పాటతో పాటు, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోన్ వాడటం కూడా ఆయనే నేర్పారు. ఆయన ఫోన్ చదివే వేగం పక్కవాళ్ళకు పిట్టల పోట్లాటలా ఉండేది. ఆయన మాత్రం చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ పేపరంతా వినేసేవారు. ఈరోజు నేను బ్యాంకులో ఉద్యోగం చేస్తూ ఒక్కదాన్నే ఎంఎంటీఎస్ రైలు ఎక్కి తిరుగుతున్నానంటే అంతా ఆయన చలవే. "తోడు మనం పిలిస్తే రావాలి గానీ ఎవరో తగిలిస్తే రాకూడదే," అనేవారు.

పాటలో తప్పు మాత్రం ఒప్పుకునేవారు కాదు. "వెనక వరసలో ఎవరో నోరు ఆడిస్తున్నారు, గొంతు రావడం లేదు. పెళ్ళి భోజనానికొచ్చారా?" అని ఎగతాళి చేసేవారు. కాస్త ఓర్చుకోమని పాస్టరుగారు ఒకసారి చెప్పి చూశారు. "క్షమించడం మీ డ్యూటీ అయ్యగారూ. నాది శ్రుతి చూడ్డం. తప్పిన శ్రుతిని క్షమిస్తే పాటే పోతుంది," అన్నారు మాస్టారు.

తిరుమలగిరి దగ్గరున్న ఆ హాల్లో ఏటా మా క్రిస్మస్ పాటల కార్యక్రమం జరిగేది. హాలు ఆయనే బుక్ చేసేవారు. ఫోన్ చేసి తారీఖు చెప్పి, మైకులు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పి పెట్టేసేవారు. ఆ పని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. రెండేళ్ళ కిందట హాలువాళ్ళు ఫోన్ బుకింగ్ ఎత్తేసి వెబ్‌సైట్ పెట్టారు. మాస్టారు సాయంత్రమంతా దానితో కుస్తీ పట్టారు. క్యాలెండర్‌లో ఏ తారీఖు మీద వేలు పెట్టినా "బటన్" అనే మాటే తప్ప అది ఏ రోజో ఫోన్ చెప్పదు. ఎలాగో ఒకటి నొక్కితే, మీరు మనిషేనా అని పరీక్ష. బస్సులున్న బొమ్మలు ఎంచుకోవాలట.

"విన్నావటే," అన్నారు నాతో. "రోడ్డు మీద బస్సువాడు ఆపడు, సరే. బొమ్మలో బస్సు కూడా మనల్ని ఎక్కించుకోకుండా పోతోంది."

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని హాలుకు వెళ్ళారు. మేనేజర్ కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు, అంతా విన్నాడు. "గిదేముంది సార్, మీ ఇంట్ల ఎవ్వరికి చెప్పినా రెండు నిమిషాల పని. మీకెందుకు పరేషాన్? ఎవర్నన్న తోడు తెచ్చుకోండి."

"మీ ఫోన్ నొక్కడానికి మీరు తోడు తెచ్చుకుంటారా?" అన్నారు మాస్టారు. "తారీఖులకు పేర్లు పెట్టించండి. ఆ బొమ్మల పరీక్ష తీయించండి. చేసేవాడికి ఒక పూట పని."

"అందరు మంచిగనే చేస్కుంటున్నరు సార్. మీ ఒక్కరి కోసం మార్చాల్నా?"

మాస్టారు చాయ్ ముట్టకుండా లేచారు. ఆయన చాయ్ వదిలేయడం నేనెరిగి అదొక్కసారే. ఆటోలో, "నా వేలితో నేను బుక్ చేసేదాకా ఆ గడప తొక్కను," అన్నారు. ఆ క్రిస్మస్‌కు చర్చి ఆవరణలో షామియానా కింద పాడాం.

వికలాంగుల కమిషనర్ ఆఫీసులో ఫిర్యాదు వేశారు. వాయిదాల మీద వాయిదాలు. మేనేజర్ రాడు, వస్తే "పని నడుస్తున్నది సార్" అంటాడు. ఏం కోరుతున్నారని అధికారి అడిగితే మాస్టారు జరిమానా వద్దన్నారు. మేనేజర్‌గారు కళ్ళకు గంతలు కట్టుకుని, అందరి ముందూ, తన హాలు తానే బుక్ చేసుకోవాలి. అదే రాయించారు. "పక్కన కూర్చుని వినాలే," అన్నారు నాతో. "పోయేలోగా అదొక్కటి వింటే చాలు." ఆస్పత్రిలో ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి కూడా వాయిదా ఎప్పుడని అడిగారు.

వినకుండానే పోయారు. ఆ పోవడాన్నే మేనేజర్ భూస్థాపన రోజు చేసిన ఆ ఫోన్లో బేరం పెట్టాడు. "ఆదరణ కూడిక మా హాల్లనే పెట్టుకోండి మేడమ్. అంతా మేమే చూస్కుంటం."

"ఆయన తొక్కనన్న గడప మమ్మల్ని తొక్కమంటారా? కేసు బంద్ కాదు. ఇక నా పేరు మీద నడుస్తుంది," అన్నాను.

మాస్టారిని తలుచుకోవడానికి చర్చిలోనే పెట్టిన కూడికలో పాస్టరుగారు క్షమాపణ గురించి చక్కగా చెప్పారు. నేను ఆమెన్ అన్నాను. మర్నాడు వెళ్ళి ఫిర్యాదులో నా పేరు చేర్పించాను.

పోయిన వారం వాయిదాకు మేనేజర్ వచ్చాడు. "చానా ఈజీ సార్, చిన్న పోరడు సుత చేస్తడు," అన్నాడు. మాస్టారు రాయించిన కోరిక చదవమని అధికారిని అడిగాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి నవ్వలేదు. "ఈజీయే అన్నారుగా, చేయండి," అన్నారు. గుమాస్తా అతని కళ్ళకు తువ్వాలు కట్టాడు. గట్టిగా కట్టావా అని రెండుసార్లు అడిగాను. హాలు బుకింగ్ క్యాలెండర్ తెరిచి నా ఫోన్ అతని చేతికిచ్చాను. ప్రతి మాటా అర్థం కావాలని వేగం బాగా తగ్గించి మరీ ఇచ్చాను.

"బటన్," అంది ఫోన్. "బటన్. బటన్." చెమట వేలు అద్దం మీద కీచుమంటోంది. "ఏ తారీఖు మేడమ్ గిది?" అన్నాడు. నాకు సంతోషంగా ఉంది, దాచుకోను. మాస్టారి వంతు కూడా నేనే విన్నాను.

ఎటో జారి మొదటి పేజీలో పడ్డాడు. ఫోన్ హాలు పేరు చదివి, "చిత్రం, పేరు లేదు," అంది. ముందుకు తోశాడు, మళ్ళీ అక్కడికే వచ్చాడు. "చిత్రం, పేరు లేదు."

"ఏం బొమ్మ మేడమ్ ఇది? జెర చెప్పండి," అన్నాడు.

అదేమిటో మా చెల్లెలు ముందే చూసి నాకు చెప్పింది. మాస్టారు పోయిన మూడోనాడు ఈ మేనేజరే తన హాలు మొదటి పేజీలో పెట్టించాడు. పూలదండ, కింద శ్రద్ధాంజలి అన్న అక్షరాలు, అన్నీ ఫోన్ చదవలేని ఒకే బొమ్మలో. మధ్యలో మా మాస్టారి ఫోటో.

నేను చెప్పలేదు. అతను మళ్ళీ అక్కడే వేలు పెట్టాడు.

"చిత్రం," అంది ఫోన్. "పేరు లేదు."